ఉప్పుటెడారికి ప్రయాణసన్నాహము

శరత్తు వచ్చినదనగా మన కావ్యములయందు తేటనీరు, తెల్లమబ్బు, నిండువెన్నెల. బడిపంతుళ్ల యిండ్లలో మాత్రము శరత్తనగా దసరా సెలవులు; సెలవులనగా ప్రయాణపు ముచ్చటలు. మా యింట ఈ యేడు తలపెట్టినది తీర్థయాత్ర కాదు, పుట్టింటి పయనమును కాదు. ఘూర్జరదేశపు పడమటికొసను కచ్ఛమండలము కలదు. అందు రణ్ అను ఉప్పుటెడారి నడుమ, ఖదీర్ అను మిట్టమీద, ధోలవీర యను ప్రాచీననగరము శిథిలమై పడియున్నది. అహమ్మదాబాదునుండి కారులో పోయి, ఆ శిథిలములకు చేరువను రెండు రాత్రులు గుడారములలో నుండి, కన్నులార చూచి రావలెనని సంకల్పించుకొంటిమి. ఇంకను బయలుదేరలేదు. అయినను ఇట్టి ప్రయాణమునకు ఇల్లాండ్రు ఎట్లు సన్నద్ధులు కావలెనో రెండు నెలలుగా ఆలోచించుచున్నాము గనుక, ఆ ఆలోచనలలో కొన్నింటిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

ఎడారి యనగానే మనకు ఇసుకతిన్నెలును ఒంటెల బారులును మనసున మెదలును. రణ్ అట్టిది కాదు. ఆ పేరు సంస్కృతమునందలి ఇరిణశబ్దమునుండి పుట్టినదని పండితులు చెప్పుదురు. ఇరిణమనగా చవుటినేల, పైరు మొలవని పఱ్ఱ. వర్షాకాలమున వాననీరును సముద్రపునీరును గలసి ఆ మైదానమంతట తేలికగా నిలుచును. పిదప ఎండకు నీరు క్రమముగా ఇగిరిపోయి, శీతకాలమునాటికి తెల్లని ఉప్పుపొర మిగులును. నడుమనడుమ నీట మునుగని మిట్టలు కలవు. వానిని అచటివారు బేట్ అందురు. మనము లంక యన్నట్లు.

ఖదీర్ అట్టి బేట్. దానిమీది ధోలవీర గ్రామమువారు ఊరిప్రక్కనున్న పెద్దదిబ్బను కోటడా యని పిలుచుకొనుచు వచ్చిరి. 1967-68 ప్రాంతమున పురావస్తుశాఖకు చెందిన జగత్పతి జోషిగారు ఆ దిబ్బ సింధునాగరికతకాలపు నగరమని గుర్తించిరి. 1990 మొదలుకొని రవీంద్రసింగ్ బిస్త్ గారు పెక్కేండ్లు త్రవ్వించి దాని స్వరూపమును లోకమునకు చూపిరి. 2021 జులై నెలలో యునెస్కోవారు దానిని ప్రపంచవారసత్వస్థలముగా ప్రకటించిరి. క్రీస్తుపూర్వము 3000 ప్రాంతమునుండి 1500 ప్రాంతము వఱకు, అనగా ఇంచుమించు పదునైదువందల యేండ్లు, అచట జనులు కాపురముండిరట. కోట వేఱు, నడిమిపట్టణము వేఱు, దిగువపట్టణము వేఱు. అన్నింటిని చుట్టి పెద్దప్రాకారము. మొహంజొదారోను ఇటుకతో కట్టినారు. ఇచట రాయి విరివిగా వాడినారు. కోట ఉత్తరద్వారముచెంత పది పెద్ద అక్షరములు గల ఫలకమొకటి దొరకినది. కఱ్ఱపలక చివికిపోయినను తెల్లరాతిముక్కలతో పొదిగిన అక్షరములు నేలమీద అట్లే మిగిలినవి. అవి ఏమి చెప్పుచున్నవో నేటివఱకు చదువగలిగినవారు లేరు. మా అమ్మాయి వానిని తన పుస్తకములో చిత్రించుకొని, ఆకులుగల చక్రమువంటి గుర్తు పదింటిలో నాలుగుమాఱులు వచ్చినదని కనిపెట్టి, అది తప్పక అచ్చై యుండునని తీర్మానించినది. పండితులు ఒప్పుకొనునది లేనిది తెలియదు.

ఇంటియాడువారమైన మాకు వీనియన్నింటికంటె వింత గొలిపినవి ఆ నగరపు నీటియేర్పాటులు. అచట జీవనది లేదు. వాన స్వల్పము, అదియు నాలుగుదినములలో కురిసిపోవునది. భూమిలోని నీరు పలుచోట్ల ఉప్పన. ఉత్తరమున మాన్‌సర్, దక్షిణమున మన్‌హర్ అను రెండు వాగులున్నవి గాని అవి వానకాలమున మాత్రము పాఱునవి. నగరము కట్టినవారు ఆ రెండు వాగుల నడుమ వాలునేలను ఎంచుకొని, వాగులకు అడ్డుకట్టలు వేసి నీటిని మళ్లించి, కోటగోడల చుట్టును తొట్టివలె జలాశయములను తొలిపించిరి. కోటలోపల పడిన వానచుక్కను సైతము రాతికాలువలలో పట్టి కూడబెట్టిరి. ఆ కాలువలలో ఒకటి మనుష్యుడు నడిచిపోవునంత ఎత్తుగలదట. కోటకు తూర్పుననున్న జలాశయము సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు కలది. దిగుటకు మెట్లు కలవు. మా వారు ఈ కొలతలను పిల్లలకు లెక్కగా ఇచ్చినారు. అంచులవఱకు నిండినచో రెండుకోట్ల లీటర్లకు పైగా పట్టునని తేలినది. వేయిమందికి దినమునకు ఇఱువది లీటర్ల చొప్పున పంచినచో, ఎండకు ఇగిరిపోవునది విడిచి, ఇంచుమించు మూడేండ్లకు సరిపోవును. ఒక్క జలాశయము మాటయే ఇది. మన యూళ్లలో మేనెల రాగానే బిందెలు వరుసగా పెట్టుకొని ట్యాంకరుకొఱకు ఎదురుచూచు తల్లులు ఈ లెక్కను మఱియొకమాఱు చదువుకొందురుగాక.

ఇక ప్రయాణకాలము. రణ్ చూచువారిలో హెచ్చుమంది మార్గశిరపుష్యములలో పోవుదురు. అప్పటికి నేల పాలవలె తెలుపెక్కును, ఎండయు తగ్గును. ఆశ్వయుజమున పగటివేళ ఎండ ఇంకను చుఱుక్కుమనును, పల్లపుచోట్ల నీరు నిలిచియే యుండును. మా మఱది అహమ్మదాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు ఫోనులో ఈ మాటయే చెప్పి, "ఉప్పు చూడదలచినచో డిసెంబరులో రండి వదినగారూ" అనెను. మేము శరత్తునే కోరుకొంటిమి. సింధునాగరికతకాలమున ఈ పఱ్ఱ పడవలు నడచునంత జలమయమై యుండెనని పండితులు తలచుచున్నారు. అందుచే కొంతనీరైనను మిగిలియున్న కాలమున పోయినప్పుడే అది దీవి యను మాట కంటికి తోచును. మఱియొక కారణము ఇంటిది. నవరాత్రములలో పీటలమీది కలశము విడిచి అత్తగారు కదలరు. అందుచే విజయదశమి గడిచిన పిదప బయలుదేరి పున్నమినాటికి గుడారములలో నుండునట్లు దినములు కూర్చుకొంటిమి. అప్పటికి బడులు తెఱచియుందురు. ఒకనాడు కూడ పిల్లలు బడి మానరాదను మా వారు, ఈ సంగతి వచ్చినప్పుడు మాత్రము, "ఇదియు చదువే" అని సెలవుచీటి తామే వ్రాసినారు.

విజయవాడనుండి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అహమ్మదాబాదు చేర్చును. అరువదిదినములు ముందుగానే టిక్కెట్లు దొరకును గనుక ఆ ఉదయమే కొనివేసితిమి. అటుపిమ్మట మఱది కారు. దారిలో పాటణమున రాణీ కీ వావ్ అను దిగుడుబావిని చూతుము. సోలంకివంశపు భీమదేవుని రాణి ఉదయమతి, పదునొకండవ శతాబ్దమున, గతించిన భర్త స్మృత్యర్థము దానిని కట్టించినదని ప్రతీతి. 64 మీటర్ల పొడవు, 27 మీటర్ల లోతు గల ఆ బావి గోడలనిండ దశావతారములును అప్సరసలును చెక్కియున్నారు. నీళ్ల కడవతో దిగిన ఇల్లాలికి అది గుడియు అయ్యెను, బావియు అయ్యెను. అచటినుండి రాధన్‌పూరు, రాపరు మీదుగా ధోలవీర. రాపరు దాటిన పిదప సుమారు 90 కిలోమీటర్లు జనసంచారము పలుచన గనుక, పెట్రోలు అచటనే నిండుగా పోయించుకొందుము. తిరుగుదారి వేఱు. ఇటీవల ఖావడానుండి ధోలవీరకు రణ్ మీదుగానే సూటిగా బాట వేసినారు. ఇరుప్రక్కల నీరో ఉప్పో, నడుమ సన్నని నల్లని బాట. ఆ దారిని భుజ్ నగరమునకు వత్తుము. అది సరిహద్దుప్రాంతము గావున అందఱి ఆధార్ కార్డులును ఒక సంచిలో వేఱుగా కట్టియుంచితిమి.

ఇంతవఱకు అందఱికిని సమ్మతమే. చిక్కు మనుష్యుల లెక్కలో వచ్చినది. అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. మోకాళ్లు పట్టును, మడి పాటింతురు, పరుల చేతినీరు పుచ్చుకొనరు. ఆమెయు వచ్చెదనని కూర్చుండిరి. మా వారు రెండుదినములు ఆలోచించి, "నీళ్లు లేనిచోట అమ్మ ఆచారము సాగదు. నీవు అమ్మకు తోడుగా ఇంటనుండుము, పిల్లలను నేను చూపి తెత్తును" అనిరి. నిజమునకు ఇది క్రొత్తమాట కాదు. హంపికి పోయినప్పుడును, నాగార్జునకొండకు పోయినప్పుడును ఇట్లే జరిగినది. తిరిగివచ్చినవారు చూపిన ఛాయాచిత్రములతో మేము తృప్తిపడితిమి. ఈమాఱు ఏమియు బదులాడక, మఱునాడు వంట ముగిసిన పిదప కాగితమును పెన్సిలును తీసికొని నీటిలెక్క వేయుటకు కూర్చుంటిమి.

మేము, మా వారు, అత్తగారు, పిల్లలిద్దఱు, మఱది, తోడికోడలు: మొత్తము ఏడుగురము. ఆ యెండలో త్రాగుటకు మనిషికి దినమునకు నాలుగులీటర్లు. అనగా దినమునకు 28, మూడుదినములకు 84. వంటకు మొత్తముమీద 20. కలిపి 104 లీటర్లు. ఇఱువదిలీటర్ల డబ్బాలు ఐదు, ఒక్కొక్కరి చేత ఒక లీటరు సీసా, ఇవి చాలును. బరువు నూఱు కిలోలకు పైబడును, అనగా ఇద్దఱు మనుష్యులు అధికముగా ఎక్కినట్లే. బరువైనది బండిలో క్రిందనుండవలెను, ఎత్తున ఉండరాదు. కాబట్టి డబ్బాలు ఆసనముల వెనుక నేలమీద. తేలికైన గుడారములును పడకలును పైకప్పుమీద. మా వారు తెచ్చెదనన్న పుస్తకములపెట్టెకు చోటు మిగులలేదు. ఇది మేము కావలెనని చేసినది కాదు, లెక్కయే అట్లు వచ్చినది.

స్నానములకు, చేతులు కాళ్లు కడుగుకొనుటకు ఇంత నీరు మోయుట సాధ్యము కాదు. శిథిలముల ఆవరణలో రాత్రి బస చేయనీయరు. అందుచే మఱది తన మిత్రునిద్వారా ధోలవీర గ్రామమున ఒక గృహస్థును అడిగియుండెను. వారు తమ యింటివెనుక పొలములో గుడారములు వేసికొమ్మనిరి. వాడుకనీరు తామిత్తుమనియు, త్రాగునీరు మాత్రము తెచ్చుకొమ్మనియు చెప్పిరి. మనిషికి దినమున కొక బకెట్టు, పదునైదు లీటర్లు, అడిగితిమి. ఆ యింటి ఇల్లాలు దానికేమని అన్నదట. ఎడారిలో కాపురముండు ఇల్లాలు పరాయివారికి దినమునకు నూఱులీటర్లు ఇచ్చెదననుట చిన్నమాట కాదని తోచి, మూల్యము సంగతి మఱదిచేత ముందుగానే మాటలాడించితిమి.

ఈ కాగితమును అత్తగారి ముందుంచితిమి. ఆమె కండ్లజోడు పెట్టుకొని ఆసాంతము చూచి, "స్నానం నీళ్లు వాళ్లింటివేనన్నమాట" అనిరి. అవునంటిమి. "అంత దూరం పోయి పరాయింటి నీళ్లతో తానమాడి, ఆ మడితో ముద్ద ఎత్తుకోమంటారుటే?" అని కాగితము మడిచిపెట్టిరి. ఆనాటికి ఆ ప్రసంగము ముగిసినది.

అత్తగారు పిల్లలకు భారతకథలు చెప్పుట మా యింట పరిపాటి. ఆశ్వమేధికపర్వమునందలి ఉదంకమహర్షి కథ సోదరీమణులు ఎఱిగినదే. మరుభూమిలో దప్పిగొని ఆయన కృష్ణుని తలచుకొన్నాడు. వేటకుక్కలతో మాతంగుడొకడు ఎదురై నీరు త్రాగుమన్నాడు. మహర్షి ఏవగించుకొని వలదనెను. వచ్చినవాడు దేవేంద్రుడు, తెచ్చినది అమృతము. కృష్ణుడు పిదప దర్శనమిచ్చి, ఆ మరుభూమిలో ఆయన పేర మేఘములు కురియునట్లు వరమిచ్చెను. ఆ రాత్రి ఏ కథ చెప్పుదునని అత్తగారు అడుగగా, పిల్లవాడు ఎడారికథ కావలెననెను. ఎడారికథ ఆమెకు వచ్చినది ఇదియొక్కటియే. చెప్పుచు చెప్పుచు నీరు వలదన్నచోటికి వచ్చి, ఆమె ఒకింతసేపు ఆగిరి. అమ్మాయి పెదవి కదపలేదు గాని నవ్వు ఆపుకొనలేకపోయినది. అత్తగారు కథ పూర్తిచేసి పండుకొనిరి. ఉదయమున తులసికి నీరు పోయుచు, "ఆ ఇంటావిడ గుజరాతీయేనా, మనకు మాట తెలుస్తుందా?" అని అడిగిరి. తోడికోడలికి ఆ భాష వచ్చునంటిమి. "అయితే నూతినుంచి తోడిందో కుళాయినుంచి పట్టిందో కనుక్కోమను. కుళాయి అయితే ఎవరిదైనా ఒకటే" అనిరి. కచ్ఛమండలమున అనేకగ్రామములకు నేడు నర్మదాజలము గొట్టములలో వచ్చుచున్నదని మా వారు వెంటనే అందుకొనిరి. నర్మద పేరు వినగానే అత్తగారు చేతిలోని చెంబును కన్నులకద్దుకొనిరి.

ఈ చిక్కు విడునప్పటికి అమ్మాయి తాను రాననినది. దానికి పదునాలుగేండ్లు. కారణము ఎంత అడిగినను చెప్పలేదు. తుదకు తోడికోడలు ఫోనులో అడిగి తెలిసికొన్నది. నెలసరి దినములు సరిగా ఆ పున్నమిప్రాంతముననే పడును. పొలములో, గుడారములో, మఱుగు లేనిచోట, తండ్రియు పినతండ్రియు తమ్ముడును ఉండగా ఎట్లని దాని దిగులు. ఈ దిగులు మన యాడపిల్లలలో ఎందఱినో విహారములకు, విద్యాయాత్రలకు దూరముచేయుచున్నది. పైకి తలనొప్పి యందురు. దీనికి నచ్చజెప్పుట చాలదు, ఏర్పాటు కావలెను. నిలువుగా మనిషియెత్తు నిలుచు చిన్నగుడారము, నాలుగుప్రక్కల మూసికొనునది, అంగడిలో దొరకుచున్నది. అది ఒకటి కొంటిమి. లోతుగా గొయ్యి త్రవ్వుటకు చిన్నపార, కప్పుటకు మన్ను, మూతగల డబ్బా, లోపల వ్రేలాడదీయుటకు దీపము, కేవలము ఆ గుడారముకొఱకే పదిలీటర్ల నీరు. వాడిన గుడ్డలు, మెత్తలు ఏవియు ఆ నేలలో పూడ్చరాదు. మూతడబ్బాలోనే ఉంచి భుజ్ నగరమునకు తెచ్చుకొనవలెను. దానిని పెద్దగుడారములకు వెనుకవైపున, ఆడువారి గుడారమునకు ఆనుకొని వేయుదుమని కాగితముమీద గీసి చూపగా, అమ్మాయి దానిని తిప్పితిప్పి చూచి, దీపము బయటివారికి నీడ చూపును గావున లోపల నల్లగుడ్డ కట్టవలెననినది. ఆ మాటతో వచ్చుచున్నదని గ్రహించితిమి. ఇంత సులువైన దానిని బడులవారు తమ యాత్రలలో ఏల చేయరో తెలియదు.

వంటవిషయము స్వల్పముగా చెప్పెదము. మిక్కిలి ఉప్పని తిండి దాహము పెంచును. దాహము పుట్టించునది దాహము తీర్చుదానికంటె ఖరీదైనది. కాబట్టి వడియములు, అప్పడములు, ఊరుమిరపకాయలు మా మూటలో చేరలేదు. ఆవకాయ చిన్నసీసాయే, అదియు మా వారి పట్టుదలవలన. గంజి వార్చుట కుదరదు గనుక అన్నము అత్తెసరే. పెసరపప్పును బియ్యమును కలిపి ఒక్క గిన్నెలో పొంగలి, ఉదయమున అటుకులు. విస్తళ్లలో తిందుము గనుక తోమవలసినవి రెండు గిన్నెలే. సున్నుండలు మాత్రము విరివిగా చేసితిమి.

గుడారము వేయుట గుఱించి మఱది ముఖ్యముగా రెండు మాటలు చెప్పెను. వాగుదారిలో వేయరాదు. ఉప్పుమేడమీదికి కారును దింపరాదు. పైపొర గట్టిగానే యుండును గాని క్రింద బురద యుండును, దిగిన బండి కూరుకొనిపోవును. పాములును తేళ్లును గల నేల గావున గుడారపుద్వారము ఎల్లవేళల మూసియుంచవలెను, చెప్పులు దులిపి తొడుగవలెను. ఆ ప్రాంతమున భుంగా యను గుండ్రని మట్టియిండ్లు కలవు. 2001 జనవరి 26వ తేదీన కచ్ఛమున గొప్ప భూకంపము వచ్చినప్పుడు పెక్కు భుంగాలు నిలిచినవట. ధోలవీరలోను కడపటి కాలమువారు గుండ్రని యిండ్లే కట్టుకొనిరి. ఇది విని అత్తగారు, మన కోస్తాలో తాటాకు చుట్టిండ్లు కూడ తుపానుకు ఓర్చుకొనునని తమ పుట్టింటి సంగతి చెప్పిరి.

అలవాటుకొఱకు పెద్దగుడారమును డాబామీద వేసి చూచితిమి. వంగి దూరుట అత్తగారి మోకాళ్లకు కష్టమైనది. ద్వారముచెంత తక్కువయెత్తు పీట వేయగా, దానిపై కూర్చుండి జరిగి లోపలికి చేరిరి. ఆ పీటను ప్రయాణపు పట్టికలో వ్రాసికొంటిమి. ఆ రాత్రి ఆమె మనుమరాలితో అందే పండుకొనిరి. తెల్లవారి, "బాగానే ఉంది గానీ, అర్ధరాత్రి ఆ జిప్పు చీకట్లో చేతికందలేదు" అనిరి. అమ్మాయి తన జడరిబ్బనును, ఎఱ్ఱనిదానిని, జిప్పు కొసకు ముడివేసినది. గుడారము ఇంకను విప్పలేదు. ముడి సరిగా అందునో లేదో చూడవలెనని అత్తగారు ఈ రాత్రికి కూడ పడక అచటనే వేయుమనిరి.